పగడాల తిన్నె మీద పిడుగుకుండ

కత్తిపీట ముందు గొంతుకూర్చుని నూకాలు చేపకు పొలుసు తీస్తోంది. జారిపోకుండా రెండు చేతులకూ బూడిద రాసుకుంది. పెరటి గోడ మీద కాకులు, గోడ కింద ఒక పిల్లి, దేని వాటా కోసం అది కాచుకుని ఉంది. వంటింట్లో తల్లి పైడమ్మ మిరపకాయలు నూరుతున్న చప్పుడు వినిపిస్తోంది.

అది ఎర్రటి బొంత చేప. తెల్లవారగానే అన్న ఎల్లాజి దాన్ని తట్టలో గడప దగ్గర పెట్టి, ముఖం చూపించకుండా వెళ్ళిపోయాడు.

"ఏటే, ఇంకా కాలేదా?" లోపలినుంచి తల్లి కేకేసింది. "చేపను కోస్తన్నావా, దానికి తల దువ్వుతున్నావా?"

"వచ్చేస్తన్నానమ్మా."

నూకాలు చేప పొట్ట చీల్చింది. చీల్చిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

తెల్లగా బుడగలా ఉండవలసిన గాలితిత్తి చిరిగి పేలికలై ఉంది. వెన్నుముల్లు నడిమికి విరిగి, దాని చుట్టూ నెత్తురు గడ్డకట్టింది. పైన చూస్తే చర్మం మీద ఒక్క గాటు లేదు. నోట్లో గాలం గుచ్చుకున్న గుర్తు లేదు. మొప్పల దగ్గర వలతాడు ఒరుసుకున్న గీత లేదు.

ఇలాంటి చావును ఆమె ఇంతకుముందు ఒకసారి చూసింది. అప్పుడు ఒడ్డుకు కొట్టుకొచ్చింది చేప కాదు. తండ్రి మసేనయ్య.

మసేనయ్య పగడపాలానికి తండేలు. వేటకు వెళ్ళే పడవలన్నిటికీ ముందుండి దారి చూపే పెద్ద. కిందటి అమావాస్యనాడు ఆయన తెప్ప ఒక్కటే తిరిగి వచ్చింది. మర్నాడు శవం వచ్చింది. ఒంటిమీద గాయం లేదు. చెవుల్లోంచి, ముక్కులోంచి మాత్రం నెత్తురు కారి ఎండిపోయింది. సముద్రపు గాలి కొట్టిందని ఊరివాళ్ళు తేల్చారు. నూకాలు ఒప్పుకోలేదు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి దోసిట్లో ఉప్పునీళ్ళు పట్టింది. "మా నాన్నను చంపిన చెయ్యి ఎవరిదైనా సరే, దాన్ని తిన్నె చేపలకు మేత వేస్తాను," అని ఒట్టు పెట్టుకుంది.

ఇప్పుడు ఆ బొంత చేపదీ అదే చావు.

తరంగిణీ రాజ్యం తీరమంతటా బెస్తపాలేలు ఉన్నా, పగడాల తిన్నె ఉన్నది ఒక్క పగడపాలానికే. ఆ ఊళ్ళో ఆడపిల్ల పుడితే బొడ్డుతాడును రాతికి కట్టి తిన్నెలో ఒక పగడపు చెట్టు మొదట్లో దించుతారు. ఆ చెట్టు ఆ పిల్లకు పుట్టుకొమ్మ. అక్కడ వల వెయ్యకూడదు. ఆమె సరేనంటే తోడబుట్టినవాడు గాలం మాత్రం వెయ్యవచ్చు. అలా పట్టిన మొదటి చేపను ఆడపడుచు చేతికే ఇవ్వాలి, ఆమే కొయ్యాలి. తిన్నె ఆడపడుచుల సొత్తు, మగవాళ్ళు అక్కడ చుట్టాలు.

ఎల్లాజి తిన్నెను దోచుకున్నాడు. దోచుకుని కూడా మొదటి చేపను తెచ్చి చెల్లెలి గడపలో పెట్టాడు. తాతల నాటి కట్టు తప్పడానికి వాడికి చేతులు రాలేదు. ఆ కట్టే వాణ్ణి పట్టిచ్చింది.

నూకాలు బూడిద చేతులతోనే పెరట్లో గొయ్యి తీసి చేపను పాతిపెట్టింది. కాకులు గోలపెట్టాయి.

పైడమ్మ గరిటెతో బయటికి వచ్చింది. "ఒలే! బంగారంలాంటి చేపను పాతేస్తావేటే? నీకేమైనా పట్టిందా?"

"అది తినే చేప కాదమ్మా."

"నీ అన్న తెచ్చాడు కదే!"

"అందుకే," అంది నూకాలు, చేతులు కడుక్కుంటూ.

కొన్నాళ్ళుగా తేట ఆకాశంలో ఉరుములు వినిపిస్తున్నాయి. రాజుగారి కోటలో ఫిరంగులు పేలుస్తున్నారని మగవాళ్ళు అంటున్నారు. నూకాలుకు ఇప్పుడు అర్థమైంది. అవి పిడుగుకుండలు. ధూమశైలం దీవిలో ఉండే మాంత్రికుడు గంధకనాథుడు వాటిని చేస్తాడని, అడిగినవాడికల్లా ఊరికే ఇస్తాడని ఆడవాళ్ళు గుసగుసలాడుకోవడం ఆమె విన్నది. ఒత్తి ముట్టించి తిన్నె మీద జారవిడిస్తే చాలట. చేపలు పొట్టలు పైకి పెట్టి, రాలిన పూలలా తేలతాయట.

అన్న తిన్నెకు ద్రోహం చేశాడు, సరే. తండ్రి మీద కుండ వేసినవాడు మాత్రం ఇంకెవడో దుర్మార్గుడై ఉంటాడని ఆమె నమ్మకం. వాడెవడో తెలిసేది కుండలు చేసే చోటే.

ధూమశైలానికి గంధకం మోసేవాళ్ళు ముసలి ఆడవాళ్ళు. అందరూ మూగవాళ్ళే. చూసింది చెప్పలేరని మాంత్రికుడు వాళ్ళనే ఏరి పెట్టుకున్నాడు. వలలు బాగుచేసుకుంటూ రోజూ నూకాలు వాళ్ళను ఒడ్డునుంచి గమనించేది. ముఖానికి పసుపుపచ్చటి పూత పూసుకుంటారు. నడుం వంచి, ఎడమచెయ్యి తుంటి మీద ఆనించి నడుస్తారు. ఎవరైనా పిలిస్తే తల కాదు, మొత్తం ఒళ్ళు తిప్పి చూస్తారు.

నూకాలు ముఖానికి పసుపూ బూడిదా కలిపి పులుముకుంది. జుట్టుకు సున్నం పట్టించింది. చిరుగుల చీర తలమీదుగా కప్పుకుని, గంధకపు బుట్ట నెత్తినెత్తుకుని, మూగవాళ్ళ వరుసలో చివర చేరి పడవెక్కింది. ఆమె పక్కన కూర్చున్న ముసలమ్మ ఒకసారి ఎగాదిగా చూసింది. ఆమె చూపు నూకాలు పాదాల మీద ఆగింది. లేత పాదాలు. ముసలమ్మ తన కొంగు జార్చి ఆ పాదాల మీద కప్పింది.

పడవ తిన్నె మీదుగా సాగింది. నీళ్ళు గాజుపలకలా తేటగా ఉన్నాయి. అడుగున సముద్రం తన పెళ్ళికి తానే పందిరి వేసుకున్నట్టుంది. దుప్పికొమ్ముల్లాంటి పగడాలు, రాణివాసపు విసనకర్రల్లాంటి పగడాలు, తామరపూల మొత్తాల్లా విచ్చుకున్నవీ, మెదడు మడతల్లా ముడుచుకున్నవీ, కుంకుమ, కనకాంబరం, నేరేడు రంగుల్లో గుంపులు గుంపులుగా ఉన్నాయి. వాటి సందుల్లో చిలకచేపలు పచ్చగా మెరుస్తూ తిరుగుతున్నాయి. చిన్నపిల్లల వేళ్ళలాంటి తీగలు అల వచ్చినప్పుడల్లా ముడుచుకుని మళ్ళీ తెరుచుకుంటున్నాయి.

ఉన్నట్టుండి రంగులన్నీ ఆగిపోయాయి. కింద ఒక పెద్ద గొయ్యి. దాని చుట్టూ తెల్లటి ముక్కలు, కూలిన ఇంటి పెంకుల్లా చెల్లాచెదరుగా పడి ఉన్నాయి. ఒక్క చేప లేదు. పీత కూడా లేదు.

నూకాలు ఒడ్డున ఉన్న కొండ కొమ్మునూ, ఎదురుగా ఉన్న నల్లబండనూ చూసి గుర్తుపట్టింది. అది ఆమె పుట్టుకొమ్మ ఉన్న చోటు. పైకి ఏడవకూడదు కనక బుట్ట అంచును గట్టిగా పట్టుకుంది. వెదురుబద్ద చిట్లి అరచేతిలో దిగింది.

ధూమశైలం గుహ ముఖం దగ్గర కంచుపీతలు కాపలా కాస్తున్నాయి. ఒక్కొక్కటి ఎడ్లబండి చక్రమంత ఉంది. వాటికి కళ్ళు లేవు. అడుగు చప్పుడును బట్టి మనిషిని పట్టి తుంచేస్తాయి. మూగవాళ్ళు అల వచ్చి రాతిని కొట్టినప్పుడు ఒక అడుగు వేస్తున్నారు. అల వెనక్కి పోయేవరకూ బొమ్మల్లా నిలబడుతున్నారు. నూకాలు అది చూసి అలాగే నడిచింది.

గుహలో అడుగు పెట్టబోతుండగా ఆమె బుట్టలోంచి గంధకపు పెళ్ళ ఒకటి జారి మెట్టు మీద ఠంగుమని పడింది. కంచుపీతలన్నీ ఒక్కసారిగా అటు తిరిగాయి. ఒక కొండి గాలిని చీల్చుకుంటూ వచ్చి ఆమె కాలి చిటికెనవేలిని పట్టుకుంది. ప్రాణం జిల్లుమంది. గొంతులోకి వచ్చిన కేకను నూకాలు మింగేసింది. అంతలో పెద్ద అల ఫెళ్ళుమని రాతికి తగిలింది. కొండి సడలింది. నెత్తుటి పాదంతో ఆమె లోపలికి దూకింది.

లోపల పసుపు పొగ సుడులు తిరుగుతోంది. గోడల పొడుగునా అరలు, అరల నిండా నల్లటి కుండలు, మూతులకు మైనపు ముద్రలు. మధ్యలో, పగిలిన పగడాలతో పేర్చిన సింహాసనం మీద గంధకనాథుడు కూర్చుని ఉన్నాడు. వాడికి కనుబొమలు లేవు, ఎప్పుడో మంటల్లో మాడిపోయాయి. గడ్డం చివర్లు కాలి ముడుచుకున్నాయి. మెడనిండా పగడాల దండలు. పక్కన ఇనపకొయ్యకు ఒక నీటికాకి కట్టేసి ఉంది. పట్టిన చేపను మింగకుండా దాని గొంతుకు ఇత్తడి కడియం బిగించారు.

"ఈ సాయంత్రం పోటు మీద మహాకుండను తీసుకుపోదాం," అంటున్నాడు మాంత్రికుడు. "ఈ చిన్న కుండలతో తిన్నెకు చిల్లులు పడ్డాయి. మహాకుండ దాని గుండెలో పేలితే గోడంతా కూలుతుంది. ఆ తిన్నె అడ్డం ఉన్నన్నాళ్ళూ ఏ శత్రువు ఓడా ఈ తీరం చేరలేదు. రేపు నా ఓడలు సరాసరి రాజు కోట కిందికి వెళ్ళి ఆగుతాయి!"

"మరి అలలో?" అడిగింది నీటికాకి. "తిన్నె లేకపోతే అలలు కూడా సరాసరి పాలెంలోకి వెళ్ళి ఆగుతాయి కదా, గురువుగారూ?"

"పాలెం మునిగితే నాకేం? చేపలకు ఆశపడి తమ గోడ తామే పగలగొట్టుకున్నారు. నేను కుండలు ఇచ్చాను, అంతే!"

"కొంచెం మెల్లగా సెలవియ్యండి. గోడలకు చెవులుంటాయంటారు."

"చెవులుంటే ఉండనీ, ఇక్కడ నోళ్ళు లేవు," అని గంధకనాథుడు వికటంగా నవ్వాడు. నవ్వుతూనే మూగవాళ్ళ వరుసను కలయజూశాడు. వాడి చూపు నేలమీది ఎర్రటి అడుగుజాడ దగ్గర ఆగింది.

"ఏయ్, చివరిదానా! ఇలా రా. ఎప్పుడూ లేనిది నిన్ను పీత పట్టిందేం?"

నూకాలు నడుం వంచుకుని ముందుకు నడిచింది. మాంత్రికుడు ఆమె ముందు ఒక రాగిపళ్ళెం పెట్టి అందులో నీళ్ళు పోసి, నల్లటి అంజనం చుక్క వేశాడు.

"గూఢచారులు నోరు కట్టుకోగలరు గానీ ముఖం కట్టుకోలేరు. పాలెందానివైతే ఇది చూసి కదలకుండా ఉండలేవు. చూడు!"

నీళ్ళు మసకబారి మళ్ళీ తేటపడ్డాయి. అందులో పగడాల తిన్నె కనిపించింది. తండ్రి మసేనయ్య ఊపిరి బిగబట్టి అడుగున ఈదుతున్నాడు. విరిగిన కొమ్మలను ఏరి, వాటిని మళ్ళీ రాళ్ళ సందుల్లో నాటుతున్నాడు. పైన ఒక పడవ నీడ వచ్చి ఆగింది. పడవలోంచి ఒక చెయ్యి వంగి, ఒత్తి మండుతున్న కుండను నీళ్ళలోకి జారవిడిచింది.

నీళ్ళు తెల్లబారాయి. చేపలు తేలాయి. వాటి మధ్య మసేనయ్య వెల్లకిలా తేలాడు.

పడవలో ఉన్నవాడు నవ్వుతూ వల ముంచబోయి, ఆ ముఖం చూశాడు. వల చేతిలోంచి జారిపోయింది. రెండు చేతులతో నెత్తి కొట్టుకున్నాడు.

వాడు ఎల్లాజి.

నూకాలు కదలలేదు. పళ్ళ మధ్య నాలుక తెగి నోరంతా ఉప్పగా నిండింది. ఆ నెత్తురు మింగింది. తలకాయ కాకుండా ఒళ్ళంతా తిప్పి, ఇది చూపించావెందుకన్నట్టు మాంత్రికుడి వంక వెర్రిగా చూసింది.

గంధకనాథుడు చిరాకుగా చెయ్యి విదిలించాడు. "ఇది రాయి. పో, పో! ఆ బుట్ట కింది కొట్లో పడేసి రా," అని నీటికాకి వైపు తిరిగాడు. "తండేలు కొడుకు మాత్రం నాకు దొరికిన మంచి కుక్క. తండ్రిని చంపిన సంగతి ఊళ్ళో చెప్పనా అంటే చాలు, తోక ముడిచి ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాడు. తిన్నెలో ఓడ దారి వాడి వంశానికి తప్ప ఎవరికి తెలుసు?"

కింది కొట్టు సముద్రమట్టానికి దిగువన ఉంది. మూగవాళ్ళందరూ బుట్టలతో అక్కడికి దిగారు. అక్కడ వందలాది కుండలు. సముద్రపు నీళ్ళు రాకుండా గోడలో ఒక టేకు తలుపు, దానికి అడ్డంగా ఒక గూటం. తలుపు సందుల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. నూకాలు తక్కిన మూగవాళ్ళకు పైకి పొమ్మని సైగ చేసింది. పడవలో పాదాలు కప్పిన ముసలమ్మ ఆమె చెంప నిమిరి, అందరినీ తరుముకుంటూ వెళ్ళింది.

వాళ్ళ పడవ కదిలిన చప్పుడు విన్నాక నూకాలు ఒక బండరాయి ఎత్తి గూటాన్ని కొట్టింది. తండ్రి పేరు తలుచుకుంటూ కొట్టింది. పుట్టుకొమ్మను తలుచుకుంటూ కొట్టింది. గూటం ఎగిరిపోయింది. తలుపు బద్దలై సముద్రం లోపలికి దూకింది. కుండలు ఒకదాన్నొకటి గుద్దుకుని పగిలాయి. లోపలి మందు నల్లటి అంబలై పోయింది.

పైనుంచి మాంత్రికుడి అరుపు వినిపించింది. నూకాలు నడుం లోతు నీళ్ళలో మెట్లెక్కి పరుగెత్తింది. అప్పటికే సింహాసనం ఖాళీగా ఉంది. గుహ ముఖం దగ్గర కంచుపీతలు పిచ్చెత్తినట్టు కొండ్లు ఆడిస్తున్నాయి. అటు దారి లేదు.

"అమ్మాయీ!" నీటికాకి కీచుమంది. "నువ్వు మూగదానివి కాదని నాకు ముందే తెలుసు. మూగవాళ్ళు అంత గట్టిగా నోరు మూసుకోరు! నా గొంతు కడియం తీస్తే దారి చూపిస్తా."

"ముందు దారి చూపించు."

"మీ పాలెంవాళ్ళ బేరం ఇలాగే ఉంటుంది! సరే, ఈ సింహాసనం కింద సముద్రంలోకి పోయే నీటి సొరంగం ఉంది. ఇక తియ్యి తల్లీ!"

నూకాలు ఒక పగడపు ముక్కతో కడియాన్ని మెలితిప్పి విరిచి, కాలి గొలుసును కొయ్యనుంచి లాగేసింది. పక్షి నీళ్ళలో మునిగింది. ఆమె దాని వెంట మునిగింది. చీకటి సొరంగంలో రాళ్ళు భుజాలను చెక్కాయి. ఊపిరి ఆగిపోతుందనగా వెలుగు కనబడింది. ఆమె సముద్రం పైకి తేలింది.

అప్పటికే గంధకనాథుడు తన నల్లతెరచాప ఓడ ఎక్కాడు. మహాకుండ ముందే ఓడలో చేరింది. దాన్ని నీళ్ళు తాకలేదు. వాడు నూకాలును చూసి చేతికందిన పిడుగుకుండ విసిరాడు.

నీళ్ళలో ఉన్నవాణ్ణి ఆ దెబ్బ కడుపులో కొడుతుందని పొద్దున కోసిన చేప పొట్ట చూసి ఆమె తెలుసుకుంది. నూకాలు మునగలేదు. వెల్లకిలా తిరిగి, పొట్టను ఆకాశానికి పెట్టి తేలింది. ఫెటేలుమని సముద్రం లేచింది. వీపు మీద వెయ్యి కొరడాలు తగిలినట్టయింది. చెవుల్లో గీ మని మోగింది. కానీ ఊపిరి ఉంది. చచ్చిందనుకుని మాంత్రికుడు ఓడను తిన్నె వైపు మళ్ళించాడు.

"నేను బతికే ఉన్నాను," అంది నీటికాకి పక్కన తేలుతూ. "నువ్వు అడగలేదు గానీ."

ఎండ పసుపురంగుకు తిరిగే వేళకు నూకాలు ఇల్లు చేరింది. నడవలో ఎల్లాజి అన్నం తింటున్నాడు. పైడమ్మ పక్కన కూర్చుని మజ్జిగ పోస్తోంది. నెత్తురూ పసుపూ కారుతున్న కూతురిని చూసి ఆమె చెంబుతోనే లేచి నిలబడింది.

"ఏటే ఈ వాలకం? ఎక్కడికి పోయావే?"

నూకాలు తల్లిని దాటి వెళ్ళింది. అన్న ఎదుట నిలబడింది.

"నాన్న తిన్నెలో విరిగిన కొమ్మలు నాటుతున్నాడు. పైనుంచి కుండ వేసింది నువ్వు."

"నోరు ముయ్యే!" పైడమ్మ అరిచింది. "వాడు నీ తోడబుట్టినవాడు! ఒరే, చెప్పరా. కాదని చెప్పరా."

ఎల్లాజి చెయ్యి అన్నంలోనే ఉండిపోయింది. తలెత్తలేదు. ఆ వంచిన తలను పైడమ్మ చూసింది. తరవాత చెంబు కింద పెట్టి, గోడకు ఆనుకుంది.

సముద్రం వైపునుంచి శంఖం మోగింది. గంధకనాథుడి ఓడ తిన్నె వెలుపల లంగరు వేసి, దారి చూపేవాడి కోసం పిలుస్తోంది.

"ఆ ఓడలో ఉన్న కుండ పేలితే తిన్నె ఉండదు, పాలెం ఉండదు," అంది నూకాలు. ఆమె తెగిన నాలుక మొద్దుబారింది. "నువ్వు వెళ్ళకపోతే నీ గుట్టు ఊరికి చెప్తానని వాడు నిన్ను ఆడిస్తున్నాడు. అమ్మకు నేనే చెప్పేశాను, ఊరికీ నేనే చెప్తాను. ఇక నీ మెడలో వాడి తాడు లేదు. నా ఒట్టు మాత్రం ఉంది. అది నీ చేతి మీద ఉంది, అన్నియ్యా. ఆ మాంత్రికుడి పని పట్టేవరకే ఆగుతాను."

శంఖం మళ్ళీ మోగింది, ఈసారి పొడుగ్గా.

ఎల్లాజి లేచాడు. చెయ్యి కడుక్కున్నాడు. తల్లి కాళ్ళకు మొక్కాలని వంగాడు. పైడమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. వాడు వంగినవాడు వంగినట్టే ఒక్క క్షణం ఉండి, నిటారుగా నిలబడ్డాడు. చెల్లెలి ముఖం వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

ఓడకు దారి చూపడానికి వెళుతున్నాడో, ఓడను ముంచడానికి వెళుతున్నాడో ఆ ముఖంలో రాసి లేదు. తండేలు కొడుకు చూపిన దారిలో ఓడ తిన్నె గుండెకూ చేరవచ్చు, నల్లబండల మీద పడి ముక్కలూ కావచ్చు.

"ఒరే, ఎటురా?" అంది తల్లి, గోడ వైపు చూస్తూనే.

ఎల్లాజి గడప దాటి సముద్రం వైపు వెళ్ళిపోయాడు.